పసుపు తుడవని చెయ్యి

జవళగిరి,
10 ఫిబ్రవరి 2025

కోడలు పరిమళకు అత్త మారియమ్మ రాయించేది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామన్నాడు నాగన్న. వద్దన్నాను. క్షేమంగా ఉంటే నీకు ఉత్తరం రాయించే అవసరం నాకేమొచ్చింది?

మాట నాది, రాత నాగన్నది. ఆయన ఒకప్పుడు తెలుగు బడిలో అయ్యవారు. నా మాటను కడిగి, దువ్వి, పుస్తకాల్లో ఉండేట్టు రాస్తాడు. అందులోని కారం మాత్రం నాదే, ఆయన మీద నెట్టకు. ఈ వైపు పిల్లలంతా తమిళంలో చదివినవాళ్ళే, నీ మొగుడు సూర్యతో సహా. నువ్వు కుప్పం నుంచి వచ్చినదానివి, నీకు తెలుగు చదవడం వచ్చు. సూర్య మధ్యలో దూరి సగం చెప్పి సగం మింగే పని లేకుండా నేరుగా నీకే రాయిస్తున్నాను. ఫోను ఉంది కదా అనకు. ఫోనులో నువ్వు "సరే అత్తా, అట్లే కానీ అత్తా" అంటావు. పెట్టేసినాక నీకు తోచిందే చేస్తావు. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు చెప్పాలి.

ఇక నా వ్యాజ్యం విను.

మొన్న సూర్య వచ్చాడు. అన్నం తిన్నాడు. చేయి కడుక్కుంటూ, గోడకు చెప్పినట్టు చెప్పాడు. "మా, నీ చేతి పుండులో చిన్న ముక్క కోసి పరీక్షకు పంపల్లంట. పరిమళ చెప్పమనింది."

"యాడ కోస్తారంట?"

"ఆడే, పుండు మీదే."

"నీ పెండ్లాం చేతికి కొడవలిచ్చి పంపించు. నేనే చెయ్యి చాపి కూచుంటా" అన్నాను. తువ్వాలు భుజాన వేసుకుని లేచిపోయాడు. వాడికి నీ మాట మోసుకురావడం వచ్చు, నా మాట మోసుకుపోవడం రాదు.

నా ఎడమ చేతి మచ్చ నీకు తెలుసు. పట్టుగూళ్ళు ఉడకేసి దారం తీసే కొట్టంలో పనిచేసేటప్పుడు మరిగే తొట్టి తిరగబడి కాలిన మచ్చ. అప్పటికి నీ మొగుడు ఇంకా నా చంకనే ఉన్నాడు. ఆ కాలిన తోలు మీద పోయిన వానాకాలం ఒక పుండు లేచింది. మానడం లేదు. అంతే కదా? దినమూ నీళ్ళు పోసుకుని పసుపు రాస్తున్నాను. అదే తగ్గుతుంది.

మత్తూరులో మా అక్కకు ఏమయిందో నీకు తెలియదు, నువ్వు అప్పటికి ఈ ఇంటికి రాలేదు. మెడ కింద గడ్డ. ముక్క కోసి, సీసాలో వేసి పంపారు. సీసా జవాబు తెచ్చేలోపల అక్క లేదు. గడ్డకు ఇనుము తగిలితే రేగుతుంది. కత్తి తగలక ముందు అక్క తన కాళ్ళ మీద నడిచి ఆస్పత్రికి పోయింది. తగిలినాక నడవలేదు. ఇది నేను కళ్ళతో చూసింది. దీనికి నీ దగ్గర జవాబుంటే రాయి.

నాకొక అనుమానం కూడా ఉంది. నువ్వు పనిచేసే ఆ చర్మాల ఆస్పత్రిలో, ఎవరి ఇంటి మనుషులను వాళ్ళు పట్టుకురండి అన్నారా? బయట ఎవరూ దొరకలేదా?

"నీ మంచి కోరే అత్త" అని ముగించబోయాడు నాగన్న. చేయి పట్టుకుని ఆపాను.

మారియమ్మ, ఎడమ చేతి వేలిముద్ర


కృష్ణగిరి,
16 ఫిబ్రవరి 2025

అత్తమ్మకు, మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. కాగితం మీద జవాబు అడిగారు, ఇస్తున్నాను. నాగన్నగారు చదివేటప్పుడు మధ్యలో ఆపి తిట్టకండి. చివరిదాకా విని, అప్పుడు ఒకేసారి తిట్టండి.

మత్తూరు పెద్దమ్మ గడ్డను ఇనుము రేపలేదు. ఆమె ఆస్పత్రికి వెళ్ళేసరికే అది లోపలికి పాకింది. కత్తి తగిలిన రోజూ, ఆమె మంచాన పడ్డ రోజూ పక్కపక్కన వచ్చాయి. మీరు నమ్మరని తెలుసు. అందుకే కత్తి మాట వదిలేస్తాను.

కానీ కాలిన మచ్చ మీద ఏళ్ళ తర్వాత లేచి, మానకుండా ఉన్న పుండు ఉత్త పుండు కాకపోవచ్చు. క్యాన్సర్ కావచ్చు. ఆ మాట సూర్య మీ ఎదుట అనలేకపోయాడు. నేను రాస్తున్నాను.

మా క్లినిక్‌కు కొత్తగా ఒక పరికరం వచ్చింది. టార్చిలైటు లాగా చేతిలో పట్టుకునేది, ఒక తీగతో కంప్యూటరుకు కలిపి ఉంటుంది. దాన్ని చర్మానికి ఆనించి నీలి వెలుగు వేస్తాం. బాగున్న చర్మం ఆ వెలుగును తీసుకుని, తనవంతుగా కొంచెం ఆకుపచ్చ వెలుగును తిరిగి ఇస్తుంది. మన కంటికి ఆనదు, పరికరానికి ఆనుతుంది. చెడిన చర్మం అంత ఇవ్వదు. చీకటిగా ఉండిపోతుంది. ఎంత తిరిగి వచ్చిందో చూసి పరికరం ఆకుపచ్చ దీపమో ఎర్ర దీపమో వెలిగిస్తుంది. కత్తి లేదు, సూది లేదు, రక్తపు చుక్క లేదు. అది ఇంకా పరీక్షల దశలోనే ఉంది, దాని మాటే చివరి మాట కాదని మా డాక్టరు మధుమిత అందరికీ ముందే చెబుతారు. మీకూ చెబుతున్నాను.

గురువారాల్లో చూస్తాం. 27వ తేదీ రండి. సూర్య ఫ్యాక్టరీకి సెలవు పెట్టి హోసూరు బస్టాండుకు వస్తాడు.

ఇంటి మనుషులను పట్టుకురమ్మని నాకెవరూ చెప్పలేదు. పట్టుకురావాలంటే మీకంటే నెమ్మదిగా కూర్చునే మనుషులు కృష్ణగిరిలో చాలామంది ఉన్నారు.

కోడలు
పరిమళ


జవళగిరి,
3 మార్చి 2025

పరిమళకు రెండు చేతులూ ఉన్న నీ అత్త రాయించేది.

ఈసారి "క్షేమం" అని రాయమన్నాను. నాగన్న పెద్ద అక్షరాలతో రాశాడు. క్షేమం!

ఆకుపచ్చ దీపం! పరికరం నీది, డాక్టరమ్మ మీ మనిషి, నీ చేతులతో నువ్వే ఆనించావు. వెలిగింది ఆకుపచ్చ. అప్పుడు నీ మొహం చూశాను. తెల్లబోయింది. ఎర్రది వెలగలేదని అంత దిగులా?

ఊళ్ళో చెప్పకుండా ఒక్కరినీ వదల్లేదు. రాగులు ఆడించే మిల్లు దగ్గర చెప్పాను, పాలు పోసే చోట చెప్పాను. "మా కోడలు నాకు క్యాన్సరని రాసింది. దాని మిషనే లేదనింది" అన్నాను. గంగమ్మకు పొంగలి పెట్టాను. ఏనుగులను తరమడానికి చేనుకు పోతున్న మీ మామను దారిలో ఆపి, ఆయనకు వినపడేదాకా అరిచి చెప్పాను. "ఊ" అన్నాడు. ఇల్లు కాలినా, ఆవు ఈనినా మీ మామకు ఒకటే "ఊ".

ఇక నీ మీద కొత్త వ్యాజ్యం.

నీ క్లినిక్‌లో బెంచీ మీద కూర్చుని అంతా చూశాను. నాకు ముందు ఒక లారీ డ్రైవరు, తర్వాత ఒక మామిడికాయల అంగడి ఆమె. ఇద్దరికీ దూదిని స్పిరిట్‌లో ముంచి, పుండు చుట్టూ, పుండు మీద, తోలు ఎర్రబడేదాకా తుడిచావు. "మంటగా ఉందా అక్కా, అయిపాయ అక్కా" అని గారాబం వేరే. నా వంతు వచ్చింది. దూది చేతిలోకి తీసుకున్నావు. నా చేయి చూశావు. దూది పక్కన పెట్టేశావు. తుడవలేదు. పరికరాన్ని అట్లే ఆనించావు, వేళ్ళు కూడా తగలకుండా.

ముక్కూమొహం తెలియనివాళ్ళ చీము తుడవడానికి నీ చేయి వచ్చింది. నీ మొగుణ్ణి మోసిన చేతిని తుడవడానికి రాలేదు. అసహ్యమా? అంత అసహ్యమైతే అడవి అంచు నుంచి నన్నెందుకు పిలిపించావు?

తిరిగి వచ్చేటప్పుడు హోసూరు దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. "ఏం మా, అట్లుండావు? పచ్చ దీపమే కదా వచ్చింది" అన్నాడు సూర్య. "కండ్లలో ఎండ పడుతోందిరా" అన్నాను.

దీనికి జవాబు రాయి. తక్కినవాటికి అక్కర్లేదు, అవి నేను గెలిచాను.

పుండుకు ఇప్పుడు పసుపు మరింత మందంగా పెడుతున్నాను.

మారియమ్మ, ఎడమ చేతి వేలిముద్ర


కృష్ణగిరి,
9 మార్చి 2025

అత్తమ్మకు,

అసహ్యం కాదు.

ఆ రోజు పొద్దున మీరు నీళ్ళు పోసుకుని, మోచేతి నుంచి మణికట్టు దాకా పసుపు రాసుకుని వచ్చారు. గాజుల కింద కూడా పసుపే. మామయ్య బతికుండగా మీ ఒంటి మీది పసుపును కోడలినై ఉండి, నా చేత్తో, నలుగురి ముందు స్పిరిట్ పెట్టి తుడవడానికి నాకు చేయి రాలేదు. మా అమ్మకు తెలిస్తే నన్ను కొట్టేది. మామిడి అంగడి ఆమె నాకేమీ కాదు, అందుకే అక్కా అని పిలిచి తుడిచేశాను. మీరు నాకు అవుతారు. అందుకే తుడవలేకపోయాను. పైపైన ఉండే పసుపు వెలుగును ఏం చేస్తుందిలే అనుకున్నాను.

మీ ఉత్తరం చదివాక ఆ "అనుకున్నాను" నన్ను వదల్లేదు. మొన్న గురువారం రోగులంతా వెళ్ళాక నా చేతికే పసుపు రాసుకుని పరికరం ఆనించాను. నీలి వెలుగు పడగానే పసుపు తానే ఆకుపచ్చగా మెరిసింది. ఆ మెరుపును చర్మం ఇచ్చిన వెలుగే అనుకుంది పరికరం. పసుపు రాస్తే బండరాయిని కూడా బాగుందనే అంటుంది అది. స్పిరిట్‌తో తుడిచి చూస్తే మళ్ళీ మామూలుగా పనిచేసింది. డాక్టరుగారికి చెప్పాను. అందరి ముందూ తిట్టారు. తుడవకుండా ఆనించడం ఎవరు నేర్పారని అడిగారు. మీ పరీక్షను కొట్టేశారు.

ఆకుపచ్చ దీపం మీకు వెలగలేదు అత్తమ్మా. మీ పసుపుకు వెలిగింది.

మళ్ళీ రండి. మీ మచ్చ గరుకు. దాని పగుళ్ళలో పసుపు ఇంకిపోయి ఉంటుంది, ఒక్కసారికి పోదు. వచ్చేదాకా ఆ చేతికి పసుపు ఆపండి. కుంకుడు రసంతో కడుగుతూ ఉండండి. మిగిలింది ఇక్కడ నేను తుడుస్తాను. ఊళ్ళో చెప్పిన మాట వెనక్కి తీసుకోమని అడగడం లేదు. మీరు వస్తే చాలు.

పరిమళ


జవళగిరి,
15 మార్చి 2025

పరిమళకు,

నీ ఉత్తరం చదువుతూ నాగన్న "ఆ చేతికి" దగ్గర ఆగిపోయాడు. "ఈడేదో మరక పడిందమ్మా, కనపడలా" అన్నాడు. కాగితం లాక్కుని చూశాను. నాకు చదవడం రాదు కానీ మరక ఉందో లేదో తెలుసు. చదివించాను.

నా మొగుడు బతికే ఉన్నాడు. పొద్దున సంగటి తిని, డప్పు భుజాన వేసుకుని చేనుకు పోయాడు. ఆడదానికి పసుపు ఆపే రోజు ఒకటే ఉంటుంది. అది ఏ రోజో నీకూ తెలుసు. దాన్ని కోడలు ఉత్తరంలో రాసి, బిళ్ళ అంటించి, పోస్టులో పంపుతుందా? వచ్చే ఉగాదికి వీధి వీధంతా పసుపు నీళ్ళు పోసుకుంటే, నేను ఒక చేయి బోసిగా పెట్టుకుని మీ మామ ఎదుట నిలబడాలా? నీ నోట్లో నుంచి రాని మాటను నీ చేయి ఎట్లా రాసింది?

అసలు ఇదేం పంచాయితీ? దీపం నీకు నచ్చినట్టు వెలిగితే మిషన్ మంచిది. నచ్చకపోతే పసుపు చెడ్డది. ఎర్రది వెలిగి ఉంటే "అది కుంకుమ వల్ల, క్యాన్సర్ లేదు, పోయిరండి" అని రాసేదానివా? డాక్టరమ్మ తిట్టింది. ఆ తిట్టును ఎవరి నెత్తిన దులపాలో తెలియక నా పసుపు మీద దులిపావు. అసహ్యం వేసిందని ఒప్పుకుంటే పోయేది. దానికి నీలి వెలుగని, బండరాయని ఇంత కత ఎందుకు అల్లావు?

ఇక నాకు రాయకు. రాసినా చదివించను.

మారియమ్మ, కుడి చేతి వేలిముద్ర

పరిమళమ్మా, ఈ నాలుగు ముక్కలు ఆమె చెప్పినవి కావు, నాగన్నను. పుండు పెద్దదైంది. పక్కన కూర్చుంటే వాసన వస్తోంది. పాలు ఒంటి చేత్తో పితుకుతోంది. తిట్టేటప్పుడు ఎడమ చేయి ఎత్తడం మానేసింది. త్వరగా ఏదైనా చెయ్యండి.


కృష్ణగిరి,
20 మార్చి 2025

అత్తకు,

చదివించనన్నావు. చదివిస్తావని తెలుసు. నేనేం రాశానో వినకుండా నన్ను తిట్టడం నీకు రుచించదు.

ఇప్పటిదాకా మర్యాదగా రాశాను. ఇక రాయను. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి నా సంగటి జారుగా ఉందన్నావు, నా తెలుగు గొప్పలకు పోయే తెలుగన్నావు, నా ఉద్యోగాన్ని టార్చిలైటు ఆట అన్నావు. పడ్డాను. ఇప్పుడు ప్రేమ పొంగి రమ్మంటున్నానని అనుకోకు. తుడవాల్సింది నేను. తుడవలేదు. అందువల్ల తప్పు దీపం వెలిగింది. ఆ దీపాన్ని నమ్ముకుని నువ్వు ఇంట్లో కూర్చుని పోతే, ఆ చావు నా చేతికి అంటుకుంటుంది. సూర్య నన్ను ఒక్క మాట అనడు. కానీ అన్నం వడ్డించిన ప్రతిసారీ నా చేతి వంక చూస్తాడు. నీ చావును నేను మోయను. ముందు వచ్చి తుడిపించుకో. ఏ దీపం వెలుగుతుందో నీ కళ్ళతో చూడు. ఆ తర్వాత బతుకుతావో చస్తావో నీ ఇష్టం.

పుండు వాసన కొడుతోందట. ఒంటి చేత్తో పాలు పితుకుతున్నావట. పసుపుతో తగ్గుతుందన్నావే, ఇదేనా తగ్గడం? వేలిముద్ర కూడా ఈసారి కుడి చేతిది వేశావు. చూశాను.

ఈ కింది మాటలు మామయ్యకు. నాగన్నగారూ, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, వినపడేదాకా అరిచి చదవండి.

మామయ్యా, అత్త చేతి మీద పసుపు ఉన్నంతవరకు లోపల ఏముందో ఎవరికీ కనపడదు. ఆ పసుపును ఆమె ఎవరి పేరున పెట్టుకుంటోందో ఆ మనిషి చెబితే తప్ప తీయదు. ఆ మనిషివి నువ్వు. "ఊ" అని ఊరుకోవద్దు. ఏదో ఒకటి చెయ్యి.

పరిమళ


జవళగిరి,
31 మార్చి 2025

పరిమళకు,

రాయించనన్నాను. రాయిస్తున్నాను.

ముందు నాగన్న సంగతి తేలాలి. నా పుండు వాసన కృష్ణగిరి దాకా గాలికి రాలేదు. "అయ్యవారూ, నా కాగితంలో నీ మాట యాడ దూర్చినావు?" అన్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. అద్దాలు అరిగిపోయేదాకా తుడిచాడు. పొమ్మన్నాను. తెలుగు రాసేవాళ్ళ కోసం ఊరంతా వెతికాను, తళి దాకా మనిషిని పంపాను. ఒక్కరు దొరకలేదు. మళ్ళీ ఆయన్నే పిలిచాను. ఇప్పుడు రాస్తున్నంతసేపూ ఆయన చేతినే చూస్తున్నాను. నేను నోరు మూసినప్పుడు ఆ చేయి కదిలితే పట్టుకుంటాను.

ఇక మీ మామ. నాగన్న చెవిలో అరిస్తే వీధిలో ఇంటింటికీ వినపడింది. నా పరువు పోయింది, అది వేరే వ్యాజ్యం. మీ మామ అంతా విని "ఊ" అనలేదు. లేచి దొడ్లోకి పోయాడు. కుంకుడు కాయలు కొట్టిన చప్పుడు వినపడింది. నేను గడపలో కూర్చుని నిన్ను తిడుతున్నాను. చెంబు తెచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చెయ్యియ్యి" అన్నాడు.

"ఎందుకు?"

"ఈ పసుపు ఎవురి పేరున పెట్టుకుంటుండావు?"

"నీ పేరునే. ఇంకెవురి పేరున పెడతా?"

"నేనే కడుగుతుండా. బతికుండే మొగుడు కడిగితే అది చెయ్యి కడగడమే. ఇంకేమీ కాదు. ఇయ్యి."

ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయప్ప నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఇచ్చాను. పుండు చుట్టూ వేలుతో రుద్దాడు. నొప్పికి నానా మాటలూ అన్నాను. ఆయనకు వినపడలేదు. వినపడినా ఆపేవాడు కాదు. ఆ రోజు నుంచి పొద్దున్నే చేనుకు పోయే ముందు అదే పని. నిన్న ఉగాదికి మొహానికి, కాళ్ళకు, కుడి చేతికి పసుపు పెట్టుకున్నాను. ఎడమ చేయి బోసి. పక్కింటామె చూసి, నోరు తెరవబోయింది. మీ మామ డప్పు పట్టుకుని నా పక్కనే వచ్చి నిలబడ్డాడు. ఆమె నోరు మూసుకుంది.

వాసన నిజమే. నొప్పి కూడా ఉంది. ఈ ముక్క సూర్యకు చదవకు.

పగుళ్ళలో పసుపు ఇంకా ఉంది. మీ మామ చేతికి అది పోలేదు. గురువారం వస్తున్నాను. ఇంకెవరినీ పిలవకు, నువ్వే తుడువు. అందరి ముందే తుడువు. గట్టిగా తుడువు. ఈసారి కూడా దూది పక్కన పెట్టావంటే, నా చావు నీకు అంటుకోవడం కాదు, నేనే బతికుండి నిన్ను అంటుకుంటాను.

నన్ను నువ్వు, నీకు అని రాశావు. దాని సంగతి తర్వాత చూస్తాను.

మారియమ్మ, కుడి చేతి వేలిముద్ర


కృష్ణగిరి,
5 ఏప్రిల్ 2025

అత్తమ్మకు,

గురువారం పరీక్ష కాగానే ఇంటికి కూడా రాకుండా బస్సెక్కేశారు. సంగటి కెలికి పెట్టుకున్నాను. జారుగా లేదు.

తుడుస్తుంటే మీరు అరుస్తారనుకున్నాను. "కుప్పంలో మీకు తిండి పెట్టరా? ఇంతేనా నీ బలం?" అన్నారు. బెంచీ మీదివాళ్ళంతా నవ్వారు. దూది మీద దూది పసుపై వచ్చింది. తెల్లదూది తెల్లగానే వచ్చేదాకా తుడిచి, అప్పుడు ఆనించాను. పుండు ఉన్నంతమేరా చీకటే. ఎర్ర దీపం వెలిగింది. మీరు దాన్ని చూడలేదు, నన్ను చూశారు. "పచ్చ దానికీ ఇదే మొగం పెట్టినావు, ఎర్ర దానికీ ఇదే మొగం పెడతుండావు. ఏది వెలగాల నీకు?" అన్నారు. దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఏదీ వెలగకూడదు. మీ చేయి ఆ బల్ల మీదికే రాకుండా ఉండాల్సింది.

డాక్టరుగారికి మీ అక్క సంగతి, ఇనుము సంగతి చెప్పాను. నవ్వలేదు. చంకలో గడ్డలేమీ తగల్లేదట, అంటే పైకి పాకినట్టు లేదు, అది మంచి మాట. పరీక్ష కోసమని విడిగా ముక్క తీయరు. చీకటి ఎక్కడిదాకా ఉందో వెలుగు చూపించింది. ఆ గీతకు బయట ఇంకొంత మంచి చర్మంతో కలిపి మొత్తం ఒకేసారి తీసేస్తారు. తీసినదాన్నే పరీక్షకు పంపుతారు. తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికిస్తారు. ఇనుము తగిలేది ఒక్కసారే. ఇప్పుడైతే చేయి ఉంటుంది. ఇంకా ఆగితే ఉండదు. ఇందులో నేను దాచింది ఏమీ లేదు.

"సరే పరిమళా, అట్లే కానీ పరిమళా" అని మీరు ఎటూ అనరు. జవాబు కాగితం మీదే కావాలి.

పరిమళ


జవళగిరి,
9 ఏప్రిల్ 2025

పరిమళకు,

ఒక్కసారే. రెండోసారి కత్తి చూపిస్తే ఆ బల్ల మీది నుంచే లేచి బస్టాండుకు పోతాను. మీ మామ కూడా వస్తాడు, ఆయనకు బీడీ కాల్చుకునే చోటు చూపించు.

మారియమ్మ, కుడి చేతి వేలిముద్ర


జవళగిరి,
16 జూన్ 2025

పరిమళకు అత్త రాయించేది.

తీసింది క్యాన్సరేనని, అంచులు శుభ్రంగా ఉన్నాయని, చేతిలో ఏమీ మిగల్లేదని నువ్వు ఫోనులో చెప్పావు. ఫోనులో చెప్పింది నాకు చెల్లదు. కాగితం మీద రాసి పంపు, మిల్లు దగ్గర చూపించాలి. "మిషనే లేదనింది" అని అక్కడ చాటింది నేనే కదా. ఇప్పుడు "నా పసుపు దాన్ని ఏమార్చింది" అని చెబుతున్నాను. ముందు చెప్పినదానికంటే దీనికి ఎక్కువ నవ్వుతున్నారు. నవ్వనీ. పాలు పోసే చోట ఒకామెకు కాలి మీద మానని పుండు ఉంది. పసుపు కడుక్కుని మరీ పొమ్మన్నాను. "మా ఆయన కడగడు" అనింది. మా ఆయన్ను పంపిస్తానన్నాను. వచ్చే గురువారం వస్తుంది, బాగా తుడువు. ఆమెకు గారాబం అక్కర్లేదు.

నిన్న నీ మొగుడు మామిడిపండ్లు తెచ్చాడు. సగం పుల్లనివి. కృష్ణగిరిలో ఉంటూ పండు ఎంచడం రాలేదు వాడికి. నువ్వు పక్కన ఉండి ఏం నేర్పావో!

తొడ చర్మం చేతికి అంటుకుంది. చూడడానికి వేరే ఎవరిదో అతుకు లాగుంది. మీ మామ చూసి "ఊ" అన్నాడు. మళ్ళీ పాత దారికే వచ్చాడు. ఆ కొత్త చర్మం మీద పసుపు వద్దని, చుట్టూ పెట్టుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. నేను ఇంకా పెట్టుకోలేదు. ఎడమ చేయి బోసిగానే ఉంది. మీ మామ తానే పెడతానని గిన్నె కూడా తెచ్చాడు. వద్దన్నాను. కడగడం ఆయన పని, అది అయిపోయింది. నలుగురి ముందు దూది పెట్టి తుడిచినదానివి నువ్వు. తుడిచిన చెయ్యే వచ్చి పెట్టాలి.

ఆదివారం రా. సంగటి నేనే కెలుకుతాను, నువ్వు ముట్టుకోవద్దు. నన్ను నువ్వు అని రాసిన వ్యాజ్యం ఆ రోజు మీ మామ ముందు తెగాలి. ఆయనకు వినపడదు కాబట్టి గెలిచేది నేనే.

పసుపు పెట్టేటప్పుడు అతుకు మీద పడకుండా పెట్టు. పడితే తుడువు. ఎట్లా తుడవాలో ఇప్పుడు నీకు తెలుసు.

మారియమ్మ, ఎడమ చేతి వేలిముద్ర